అయోడిన్ గొట్టంలో గాలి

పదహారో రోజు కర్మ అయిపోయింది. పదిహేడో రోజు పొద్దున కనకవల్లి తలస్నానం చేసి, డబ్బాలో పెరుగన్నం కలుపుకుని, ల్యాబ్‌కి బయల్దేరింది.

ఇంకో నెల సెలవు తీసుకోమని డిపార్టుమెంటు ఆఫీసులో చెప్పారు. ఆమె వద్దంది. ఇంట్లో కూర్చోవడమే ఆమెకి పెద్ద పనైపోయింది. మద్రాసు జార్జి టౌన్ సందులో రెండు గదుల మిద్దె అది. పలకరించడానికి వచ్చినవాళ్ళు చాప మీద కూర్చుని ఆమె మొహంలోకే చూసేవాళ్ళు, ఇప్పుడు ఏడుస్తుందా, ఇంకాసేపట్లో ఏడుస్తుందా అని. ఆమెకి ఏడుపు రాలేదు. ఆస్పత్రిలో డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపినప్పుడు రాలేదు. మూలకొత్తళం శ్మశానం నుంచి మగవాళ్ళు తడి తలలతో తిరిగొచ్చినప్పుడూ రాలేదు. కాలు తిమ్మిరెక్కితే ఎట్లా ఉంటుందో, మనిషి మొత్తం అట్లా అయిపోయినట్టుంది. గిల్లితే గిల్లినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలీదు.

"ఏడ్చేయ్ మే," అనేది అత్త అలివేలు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, కొడుకు పోయిన రోజునుంచీ గొంతు బొంగురుపోయి ఉంది. "లోపల్నే పెట్టుకుంటే గుండెకాయకి పట్టుకుంటాది."

"వస్తే ఏడ్వనా అత్తా."

కూతురు సరణ్య ప్లస్ టూ చదువుతోంది. తమిళంలో తనలో తాను ఏదో గొణుక్కుంటూ పుస్తకాల సంచీ సర్దుకుని వెళ్ళిపోయేది. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు ఒకరికొకరు అడ్డం తప్పుకుని తిరుగుతున్నారు.

కనకవల్లిది ఊళ్ళో ఒక పాత యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్టుమెంటులో టెక్నికల్ అసిస్టెంటు ఉద్యోగం. స్పెక్ట్రోస్కోపీ ల్యాబ్‌ని పందొమ్మిదేళ్ళుగా ఆమే చూస్తోంది. మొగుడు వెంకటపతి అదే బిల్డింగులో కింది అంతస్తు వర్క్‌షాపులో గాజు ఊదేవాడు. పైన రీసెర్చి పిల్లలకి ఏ ఆకారంలో గొట్టం కావాలన్నా, కాగితం మీద గీసిస్తే చాలు, మంట ముందు కూర్చుని ఊది ఇచ్చేవాడు. మామూలు గాజు ఎవరైనా ఊదుతారు. క్వార్ట్జ్ ఊదాలంటే హైడ్రోజన్ మంట కావాలి, దానికి తగ్గ చెయ్యి కావాలి. ఆ చెయ్యి మద్రాసులో ఇద్దరు ముగ్గురికే ఉండేదని అనుకునేవాళ్ళు. ఎండాకాలం కూడా ఆ మంట ముందే కూర్చుని, మధ్యాహ్నం పైకి వచ్చి భార్య డబ్బాలోంచి అన్నం తినేవాడు.

జూన్ నెలాఖరులో కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లే కదా అనుకున్నారు, కీళానెల్లి, అదే నేల ఉసిరి ఆకు, నూరి మజ్జిగలో ఇచ్చారు. జూలై మొదటివారంలో ఆస్పత్రిలో చేర్చారు. ఆగస్టు రెండో తారీకు పోయాడు. యాభై మూడేళ్ళు.

*

ల్యాబ్‌లో ఆమెకోసం ఎదురుచూస్తున్నది సింధూరి. కాకినాడ పిల్ల, పీహెచ్‌డీ ఐదో ఏడు. కనకవల్లిని చూడగానే వచ్చి కావలించుకుని భోరున ఏడ్చింది. కనకవల్లి ఆ పిల్ల వీపు నిమిరింది. నిమురుతూనే, వాక్యూమ్ పంపు ఆయిల్ మార్చి ఎన్నాళ్ళైందో గుర్తు చేసుకుంటోంది.

"అన్నయ్య చేసిన గొట్టాలతోటే నా థీసిసంతా అక్కా," అంది సింధూరి కళ్ళు తుడుచుకుంటూ. "పేపర్ జర్నల్‌కి పంపించేశాం. దాన్ని పరీక్షించే రిఫరీల నుంచి ఉత్తరం రావాలి."

సింధూరి పని అయోడిన్ మీద. రెండు అయోడిన్ పరమాణువులు జంటకడితే ఒక అణువు. ఆ ఆవిరిని సీలు చేసిన క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి, గొట్టానికి రెండుచోట్ల రాగి రేకు చుట్టి, దానికి టెస్లా కాయిల్‌తో వేల వోల్టుల కరెంటిస్తే ఆవిరి వెలుగుతుంది. ఆ వెలుతురుని కటకంతో పట్టి స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి పంపిస్తే రంగులుగా విడిపోయి, కెమెరా మీద పట్టీలు పట్టీలుగా పడుతుంది. ఆ పట్టీలని కొలిచి, అణువు ఏ ఎలక్ట్రాన్ స్థితి నుంచి ఏ స్థితికి దిగిందో చెప్పాలి.

పెళ్ళైన కొత్తలో ఈ సంగతి కనకవల్లికి వెంకటపతే చెప్పాడు. ఆయన చదివింది ఐటీఐ. ప్రొఫెసర్లు మాట్లాడుకునేది విని విని నేర్చుకున్నాడు. "స్థితి అంటే ఏందనుకున్నావు? మెట్ల వరస. మన మిద్దె మెట్లు ఒక ఎత్తు, పార్కు స్టేషన్ మెట్లు ఒక ఎత్తు. కండ్లు మూసుకోని దిగినా ఏ మెట్లు దిగతా ఉండామో కాలికి తెలీదా? అట్లనే. పట్టీకీ పట్టీకీ మధ్య ఎంత ఎడం ఉందో కొలిస్తే, అణువు ఏ మెట్ల మీద పడిందో చెప్పేయొచ్చు." తర్వాత ఆమె పుస్తకాలు చూసి నేర్చుకున్నదంతా ఆ మాటకి వివరాలే.

సింధూరికి దొరికిన పట్టీలు నీలం రంగు చివర, నాలుగువందల ముప్పై నానోమీటర్ల చుట్టుపక్కల ఉన్నాయి. పైనున్న ఒక స్థితి నుంచి అణువు B అనే స్థితి మెట్ల మీదికి దిగుతున్నప్పుడు వచ్చే వెలుతురు అదని ఆమె రాసింది. చాలా మసక వెలుతురు. గంటలకొద్దీ కెమెరా తెరిచి పెడితేగానీ పడదు.

కనకవల్లి తన పని తాను మొదలెట్టింది. పంపు ఆయిల్ మార్చింది. కటకాలు తుడిచింది. మధ్యాహ్నం ఒంటిగంటకి డబ్బా తెరిచి, ఎదురు కుర్చీ వైపు చూడకుండా తినేసింది. పెరుగన్నంలో ఉప్పు వేసిందో లేదో తెలీలేదు.

*

రిఫరీ ఉత్తరం సెప్టెంబరు రెండోవారంలో వచ్చింది. ప్రొఫెసర్ నిరంజన్ ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. సింధూరి గైడు ఆయనే. హైదరాబాదు మనిషి, నెమ్మదస్తుడు, ఎవరినీ గట్టిగా అని ఎరగడు.

"కూర్చోండి కనకవల్లి గారూ. విషయం కొంచెం ఇబ్బందిగా ఉంది." ఉత్తరం కళ్ళద్దాల కిందికి జరుపుకున్నారు. "స్పెక్ట్రంలో నైట్రోజన్ పట్టీలున్నాయంటున్నాడు. మూడువందల ముప్పై ఏడు, మూడువందల యాభై ఏడు, మూడువందల ఎనభై. ఉన్నాయి, మనమూ చూశాం. చిన్న లీకులే అని వదిలేశాం. ఆయన వదలట్లేదు. నైట్రోజన్ ఉందంటే గొట్టంలో గాలి ఉంది. గాలి ఉంటే ఆక్సిజన్ ఉంటుంది. అది అయోడిన్‌తో కలిస్తే అయోడిన్ ఆక్సైడ్ అవుతుంది. దాని వెలుతురు కూడా ఆ నీలం దగ్గరే పడుతుంది. మీరు అయోడిన్ స్థితి అంటున్నది అసలు అయోడినేనా అని అడుగుతున్నాడు."

సింధూరి మొహం పాలిపోయింది. "ఎడం కొలిస్తే తెలుస్తుంది కదా సార్? ఆక్సైడ్ మెట్టు చాలా పెద్దది."

"కొలవనిస్తేగా అమ్మా. సరిగ్గా నీ పట్టీల మీదే చిన్న నైట్రోజన్ పట్టీలు మూడు వచ్చి కూర్చున్నాయి. ఏడు పట్టీల్లో నాలుగు వాటి కింద పోయాయి."

నిరంజన్ కనకవల్లి వైపు తిరిగారు. "తప్పెవరిదీ అనడం లేదు. వెంకటపతి గారి చెయ్యి ఎట్లాంటిదో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? కానీ చివరి రోజుల్లో ఆయన చేతులు వణికేవి. అందరం చూశాం."

"ఆమా సార్," అంది కనకవల్లి. "వణికేవి."

"స్టాక్ రిజిస్టర్ మీ దగ్గరే ఉంది కదా. ఏడు నుంచి పదకొండో నంబరు దాకా గొట్టాలు సీలు సరిగా లేవని ఒక మాట రాసి సంతకం పెట్టండి. అది చూపించి సింధూరికి ఆరునెలలు గడువడుగుతాను. కొత్త గొట్టాలు బయట ఎక్కడైనా చేయిద్దాం. ఆయనకి వచ్చే చెడ్డపేరేమీ లేదు, మన రిజిస్టర్ ఎవరు చూస్తారు?"

"సరి సార్."

బయటికొచ్చాక సింధూరి ఆమె చెయ్యి పట్టుకుంది. "మీకు కోపం రాలేదా అక్కా?"

కనకవల్లి ఆలోచించి చూసింది. కోపం ఉందేమోనని లోపల వెతికింది. ఖాళీ గదిలో గోడ తడుముకున్నట్టుంది. "లేదమ్మా," అంది.

ఆయన చేతులు వణికిన మాట నిజమే. జూన్‌లో ఒకరోజు కాఫీ టంబ్లరు పట్టుకోలేక రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె చూడనట్టు లోపలికెళ్ళిపోయింది. ఆ చేతులతోనే ఆ నెలలో అయిదు గొట్టాలు సీలు చేశాడు. గాలి చొరబడిందంటే చొరబడే ఉండొచ్చు.

రిజిస్టర్ తీసి, పెన్ను మూత తీసింది. గొట్టం నంబరు, చేసిన తారీకు, లోపం. ఆ పక్క గడిలో "పరీక్షించిన విధానం" అని ఉంది. పందొమ్మిదేళ్ళలో ఆ గడి ఆమె ఎప్పుడూ ఖాళీగా వదల్లేదు. ఏం రాయాలో తోచలేదు. ఎవరూ పరీక్షించలేదు కదా. పెన్ను మూత పెట్టేసి, ఏడో నంబరు గొట్టం పెట్టెలోంచి తీసింది. మొగుడి పరువు నిలబెట్టాలని కాదు. ఆ గడి నిండాలి, అంతే.

*

మర్నాడు, ఆ మర్నాడు ఒక్కో గొట్టాన్నీ వెలిగించి స్పెక్ట్రం తీసింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. అయిదింట్లోనూ నైట్రోజన్ ఉంది. ప్రొఫెసర్ మాటే నిజమయ్యేటట్టుంది. కానీ అయిదు స్పెక్ట్రాలూ స్క్రీన్ మీద ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే, నైట్రోజన్ పట్టీల ఎత్తు అయిదింట్లోనూ ఒక్కటే. కొలతపెట్టి పోసినట్టు ఒక్కటే.

"అయిదు కుండలు పగిల్తే అయిదూ ఒక్కరీతిగా కారతాయా?" అంది, పక్కన నిలబడ్డ సింధూరితో.

"కారవు. కానీ..."

"రెండో నంబరు తీసుకురామ్మా."

రెండో నంబరు మార్చిలో చేసింది. అప్పటికి ఆయన నిక్షేపంలా ఉన్నాడు. ఏప్రిల్‌లో దానిమీద తీసిన స్పెక్ట్రంలో నైట్రోజన్ ఛాయ కూడా లేదు. ఇప్పుడు వెలిగిస్తే దాన్లోనూ ఉంది, అంతే ఎత్తున.

సింధూరి కుర్చీలో కూలబడింది. "అన్నీ లీకేనా అక్కా? పదకొండూ?"

కనకవల్లి లాగ్ బుక్ తెరిచింది. ఏ రోజు ఏ గొట్టం, ఎంతసేపు, కటకం ఎక్కడ, రేకు ఎక్కడ, అన్నీ రోజూ రాసిపెట్టడం ఆమె పని. ఏప్రిల్ నుంచి ఒక్కో పేజీ తిప్పుకుంటూ వచ్చింది. మే, శుభ్రం. జూన్, శుభ్రం. జూలై తొమ్మిది, శుభ్రం. జూలై పన్నెండు నుంచి నైట్రోజన్. మధ్యలో జూలై పదకొండో తారీకు పేజీలో, తన చేతిరాతే, ఒక వాక్యం: "రాగి రేకు కటకం వైపు రెండు సెంటీమీటర్లు ముందుకి జరపబడింది."

ఆ రోజు గుర్తొచ్చింది. ఆయన్ని ఆస్పత్రిలో చేర్చి వారం. పొద్దున అత్త, మధ్యాహ్నం ఆమె ఆస్పత్రిలో ఉండేట్టు ఏర్పాటు. పొద్దున పూట ల్యాబ్‌కి వచ్చి రెండు గంటలు పని చూసుకుని వెళ్ళేది. వెలుతురు చాలడం లేదక్కా, రేకు ముందుకి తెస్తే ఇంకొంచెం వస్తుందేమో అని సింధూరి అడిగింది. వెంకటపతి ఎప్పుడో చెప్పి ఉన్నాడు, రేకు ఆడ్నే వెనకాల ఉండనీ, ముందుకి జరపబాక అని. ఎందుకని ఆమె అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ రోజు జరిపేసి, రాసేసి, బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే ఆయన కళ్ళు తెరిచి, "గొట్టాలు బాగా వెలగతా ఉండాయా?" అని అడిగాడు. "బాగా వెలగతా ఉండాయి" అంది. ఆయన తృప్తిగా తల ఊపి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఇదంతా గుర్తొచ్చినా ఆమెకేమీ అనిపించలేదు. వేరెవరి లాగ్ బుక్కో చదివినట్టుంది.

"ఉండు, వస్తా," అని కింది అంతస్తుకి దిగింది.

*

వర్క్‌షాపు తాళం ఆమె దగ్గరే ఉంది. తెరవడం ఇదే మొదలు. లోపల గ్యాసు సిలిండర్లు గొలుసుకి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. మంట ముందు పెట్టుకునే ఊదారంగు కళ్ళద్దాలు బల్ల మీద, కాళ్ళు పైకి పెట్టి, ఇప్పుడే తీసి పెట్టినట్టున్నాయి. కుర్చీ వెనక తువ్వాలు. తలుపు దగ్గరే నిలబడిపోతానేమో, ఇప్పుడైనా ఏదైనా అవుతుందేమో అని ఒక్క క్షణం చూసింది. ఏమీ కాలేదు. గోడవారనున్న చెక్క అరలో క్వార్ట్జ్ సరుకు ఉంటుంది, సన్నవి పైన, లావువి కింద. బొటనవేలంత లావు కడ్డీ ఒకటి, మూరెడు పొడుగుది, ఎంచి తీసుకుంది. గొట్టం కాదు, కడ్డీ. లోపల బోలు లేకుండా గట్టిగా ఉండేది. తలుపు మూసి తాళం వేసింది. అయిదు నిమిషాల పని.

పైన గొట్టం తీసేసి ఆ స్థానంలో కడ్డీ బిగించింది. అవే రాగి రేకులు, అదే దూరంలో చుట్టింది. కాయిల్ వేసి, కెమెరా ఇరవై నిమిషాలు తెరిచింది.

స్క్రీన్ మీద మూడువందల ముప్పై ఏడు దగ్గర పట్టీ లేచింది. మూడువందల యాభై ఏడు. మూడువందల ఎనభై. గొట్టాల్లో వచ్చిన ఎత్తే. నీలం వైపు ఆ చిన్న మూడు కూడా ఉన్నాయి. అయోడిన్ ఒక్కటే లేదు.

సింధూరి ముందుకి వంగింది. "ఇది కడ్డీ కదక్కా! దీని లోపలికి గాలి ఎట్లా వచ్చింది?"

"దీనికి లోపలనేదే లేదు కదమ్మా." కనకవల్లి గదిలో లైట్లు ఆర్పి, కిటికీ నల్ల తెర లాగింది. "ఈడ చూడు."

రాగి రేకు అంచు వెంబడి, వెంట్రుకంత సన్నంగా, ఊదారంగు వెలుతురు వణుకుతోంది. కాయిల్ వోల్టేజికి అంచు దగ్గర గది గాలే వెలుగుతోంది. రేకు వెనకాల ఉన్నన్నాళ్ళూ ఆ వెలుతురు కటకానికి కనపడలేదు. రెండు సెంటీమీటర్లు ముందుకి రాగానే కటకం చూపులో పడింది. నైట్రోజన్ ఉన్నది గొట్టం లోపల కాదు, బయట.

"అంటే గొట్టాలు బాగానే ఉన్నాయి," అంది సింధూరి మెల్లగా. "అన్నయ్య సీలు బాగానే ఉంది."

"ఉంది. రేకు జరిపింది నేను."

"నేనడిగితేనే కదా జరిపారు."

"జరిపిన చెయ్యి నాది." ఆమె లైట్లు వేసింది. "రేకు ఎనక్కి పెట్టి, నల్ల కాగితం అడ్డం కడదాం. ఏడో నంబరు మొదలుపెట్టి మళ్ళీ తీద్దాం. వెలుతురు తక్కువైతే తక్కువే, ఎక్కువసేపు తెరుద్దాం."

రెండు రోజులు పట్టింది. ఒక్కో స్పెక్ట్రానికి మూడేసి గంటలు. గొట్టానికున్న పక్క కొమ్మలో అయోడిన్ స్ఫటికాలుంటాయి. దాన్ని ఐసు నీళ్ళలో ముంచి ఉంచితేనే ఆవిరి పెరక్కుండా తరక్కుండా నిలకడగా ఉంటుంది. అరగంటకోసారి క్యాంటీన్ నుంచి ఐసు తెచ్చి మార్చడం కనకవల్లి వంతు. ఆ పని ఆమెకి హాయిగా ఉంది. హాయి అనేది పెద్ద మాటేమో. ఐసు చేతికి చల్లగా తగులుతోందని మాత్రం తెలిసింది.

రెండో రోజు సాయంత్రం నాలుగింటికి సింధూరి ఏడు పట్టీలూ కొలిచింది. అయిదు గొట్టాల్లోనూ నైట్రోజన్ లేదు. ఎడాలు కాగితం మీద రాసుకుంటూ పైకే చదివింది. "తొంభై ఆరు. తొంభై నాలుగున్నర. తొంభై మూడు..." మెట్టు మెట్టుకీ కొంచెం కొంచెం తగ్గుతూ వస్తున్నాయి. అయోడిన్ B స్థితిలో ఆ ఎత్తున మెట్లు అట్లాగే ఉంటాయి. ఆక్సైడ్ అయితే మెట్టు ఏడింతలు పెద్దది ఉండాలి.

"B స్థితే అక్కా! మనం రాసింది కరెక్టే!" ఆ పిల్ల ఎగిరి గంతేసింది. తర్వాత కనకవల్లి మొహం చూసి, తప్పు చేసినట్టు ఆగిపోయింది.

"సంతోషపడమ్మా. ఐదేళ్ళ పని కదా," అంది కనకవల్లి. ఐసు నీళ్ళు సింకులో పారబోసింది.

*

నిరంజన్ అన్నీ చూశారు. కడ్డీ స్పెక్ట్రం దగ్గర చాలాసేపు ఆగారు.

"కడ్డీ పెట్టాలని ఎవరికి తట్టింది?"

"అక్కకే సార్," అంది సింధూరి.

కనకవల్లి లాగ్ బుక్ తెరిచి, జూలై పదకొండు పేజీ ఆయన ముందు పెట్టింది. "రేకు నేను జరిపినా సార్. మా ఆయన వద్దని చెప్పి ఉన్నాడు. మరిచిపోయి కాదు. గుర్తుండే జరిపినా. ఆ పొద్దు దేని మీదా ధ్యాస లేదు."

సింధూరి నోరు తెరవబోయింది. కనకవల్లి చేత్తో వారించింది.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను ఆయన చేతుల గురించి అట్లా అనకుండా ఉండాల్సింది."

"వణికింది నిజమే కద సార్."

రిఫరీకి రాసే ఉత్తరంలో, అమరికలో ఒక మార్పువల్ల గొట్టం వెలుపలి గాలి కాంతి కలిసిందని, దాన్ని తొలగించి మళ్ళీ కొలిచామని రాస్తానన్నారు. ఎవరి పేరూ రానివ్వనన్నారు. ఆమె సరేనంది. రిజిస్టర్‌లో మాత్రం ఆమె తన మాటల్లోనే రాసింది: "ఏడు నుంచి పదకొండు గొట్టాలు, లోపం లేదు. పరీక్షించిన విధానం: బోలు లేని క్వార్ట్జ్ కడ్డీతో పోల్చి." కింద సంతకం పెట్టి తారీకు వేసింది.

వెళ్ళబోతుంటే నిరంజన్ ఆపారు. "ఇంకో మాట కనకవల్లి గారూ. గ్లాస్ బ్లోయర్ పోస్టు మళ్ళీ నింపరట. కింద వర్క్‌షాపులో కంప్యూటర్ సర్వర్లు పెడతారట. సామాను జాబితా మీరే రాసిస్తే..."

"రాసిస్తా సార్. సోమవారం."

పేపర్ నవంబరులో ఒప్పుకున్నారు. చివర కృతజ్ఞతల్లో "అన్ని క్వార్ట్జ్ గొట్టాలనూ తయారుచేసిన కీ.శే. వెంకటపతి గారికి" అని సింధూరి ఒక వాక్యం పెట్టింది. ఇంగ్లీషులో ఒకటిన్నర లైను. ప్రింటు తీసి తెచ్చి ఇస్తే, కనకవల్లి చదివి, మడిచి, చేసంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం బ్రాడ్వేలో బస్సు దిగి, తోపుడుబళ్ళ మధ్యలోంచి నడిచి ఇంటికి వచ్చేసరికి అలివేలు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. సరణ్య ఇంకా ట్యూషన్ నుంచి రాలేదు. కనకవల్లి చెప్పులు విడిచి, ఆమె పక్కన కూర్చుంది. కాగితం తీసి చూపించింది. అలివేలుకి చదువు రాదు.

"ఏందే అది?"

"ఆయన పేరు ఏసినారు అత్తా, పేపర్లో." ఆ లైను మీద వేలు పెట్టింది. "గొట్టాల్లో గాలి చేరిందని అనుకున్నారు. చేతులు వణికి సరిగా మూయలేదని. అది కాదని తేలిపోయింది. గాలి లోపల లేదు. బయట ఉండింది. అయిదింటిలో ఒక్కటీ కారలేదు."

అలివేలు ఆ కాగితాన్ని అందుకుని, రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. "ఒక్కటీనా?"

"ఒక్కటీ కారలేదు. రేకు నేనే తప్పుగా పెట్టినా. దాంతో వచ్చింది ఇదంతా."

రెండో మాట ముసలామె విన్నదో లేదో. మొహం ముడుచుకుపోయి, బొంగురు గొంతుతో, "నా బిడ్డ చెయ్యే... నా బిడ్డ చెయ్యే..." అంటూ ఏడవడం మొదలుపెట్టింది. చిక్కుడుకాయల చేట ఒళ్ళోంచి జారింది. కనకవల్లి దాన్ని పట్టుకుని పక్కన పెట్టి, అత్త భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఆ ముసలి ఒళ్ళు వణుకుతుంటే ఆ వణుకు తన చేతి గుండా పైకి రావడం ఆమెకి తెలుస్తోంది. తన కళ్ళు తడుముకుంది. పొడిగా ఉన్నాయి. పోనీలే అనుకుంది.

సందు మొదట్లో నీళ్ళ లారీ హారన్ మోగింది. పై మిద్దెవాళ్ళు బిందెలు లాగుతూ మెట్లు దిగుతున్న చప్పుడు.

"నీళ్ళొచ్చినాయి అత్తా. పట్టుకోనొస్తా," అంది.

అలివేలు ఏడుస్తూనే తల ఊపింది. కనకవల్లి కొంగు దోపుకుని, రెండు ప్లాస్టిక్ బిందెలు రెండు చేతుల్తో తీసుకుని వరసలో నిలబడటానికి వెళ్ళింది.